చార్లీ చాప్లిన్ గారి జీవిత చరిత్ర

మన హాస్టల్ టీవీలో చార్లీ చాప్లిన్ సినిమా వస్తే చిన్నపిల్లల నుంచి వంట అక్కల వరకు అందరం కూర్చుంటాం. కానీ ఆయన కూడా చిన్నప్పుడు ఇల్లు వదిలి మనలాగే హాస్టల్లో ఉన్నారని చాలామందికి తెలీదు. అందుకే రాస్తున్నాను.

చాప్లిన్ గారు 1889 ఏప్రిల్ 16న లండన్‌లో జన్మించారు. తల్లి హన్నా నాటకశాలలో పాటలు పాడేది. తండ్రి తాగుడుకి అలవాటుపడి ఇల్లు పట్టించుకోలేదు. తల్లికి గొంతు పోయింది, తరువాత మతి కూడా చెడింది. ఏడేళ్ళప్పుడు చార్లీని, అన్న సిడ్నీని పేదల ఆశ్రమంలో చేర్చారు. అక్కడ నుంచి హాన్‌వెల్‌లో పేదపిల్లల బడికి పంపారు. తలలో తామర వచ్చిందని చార్లీకి గుండు గీసి అయోడిన్ పూశారు. పాపం, ఎంత ఏడ్చాడో!

1914లో అమెరికాలో సినిమాల్లోకి వచ్చారు. వదులు ప్యాంటు, బిగుతు కోటు, పెద్ద బూట్లు, టోపీ, చేతికర్ర, చిన్న మీసం. ఆ దేశదిమ్మరి వేషమే 22 ఏళ్ళు వేశారు. ఎప్పుడూ అదేనా, బోరు కొట్టదా అని నా స్నేహితురాలు అడిగింది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 1921 సినిమాలో అనాథ పిల్లవాడిని పెంచుతారు. 1925 సినిమాలో ఆకలికి బూటు ఉడకబెట్టి తింటారు (ఆ బూటు అతిమధురంతో చేశారంట!). వేషం ఒకటే గాని సంగతి వేరు.

1927లో మాటల సినిమాలు వచ్చాయి. అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు, ఈయన మాట్లాడలేదు. 1931లో కూడా మూకీయే తీశారు. తను ఇంగ్లీషు మాట్లాడితే మిగతా దేశాలవాళ్ళకి ఆ దేశదిమ్మరి పరాయివాడు అయిపోతాడని ఆయన భయం. అది నాకు బాగా అర్థమైంది. మా ఇంట్లో సవర మాట్లాడతాం. మూడో తరగతిలో ఇక్కడకి వచ్చినప్పుడు నాకు తెలుగు రాదు. టీవీలో జోకుకి అందరూ నవ్వేశాక నేను నవ్వేదాన్ని. చాప్లిన్ సినిమాకే అందరితోపాటు ఒకేసారి నవ్వాను.

1936 సినిమాలో ఫ్యాక్టరీలో రోజంతా బోల్టులు బిగించీ బిగించీ, పని ఆగినా చేతులు ఆగవు. ఆ సినిమా చివర్లోనే మొదటిసారి ఆయన గొంతు వినిపిస్తుంది. హోటల్లో పాట పాడాలి, మాటలు చొక్కా చేతి పట్టీ మీద రాసుకుంటారు, డాన్సు చేస్తుంటే అది ఎగిరిపోతుంది. ఇంక ఏ భాషా కాని మాటలతో పాడేస్తారు! అది ఎవరికీ అర్థం కాదు, మనకీ వాళ్ళకీ సమానమే.

1940లో హిట్లర్‌ను ఎగతాళి చేస్తూ సినిమా తీశారు. అందులో మంగలి షాపు నడిపే యూదుణ్ణి నియంత అనుకొని మైకు ముందు నిలబెడతారు. అప్పుడు చాలాసేపు మాట్లాడతారు. ఆ ఉపన్యాసం సినిమాని పాడుచేసిందని కొందరన్నారు. నాకూ పాత చాప్లినే ఎక్కువ ఇష్టం. కానీ యూదులని అంత హింసిస్తుంటే కర్ర తిప్పి ఊరుకుంటే ఎలా? తరువాత ఆ పాత వేషం మళ్ళీ వేయలేదు.

1952లో ఆయన లండన్ బయలుదేరగానే అమెరికా ఆయన అనుమతి రద్దు చేసింది. స్విట్జర్లాండులో స్థిరపడ్డారు. 1972లో వాళ్ళే పిలిచి ఆస్కార్ ఇచ్చారు, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1977 డిసెంబర్ 25న, 88 ఏళ్ళ వయసులో మరణించారు.

మన వార్షికోత్సవంలో నాకు ఇప్పటివరకు చెట్టు, కోతి, మూగ అవ్వ వేషాలే వచ్చాయి. ఈసారి చాప్లిన్ వేషం వేయమని అక్కలు అన్నారు. మైకు ముందు నిలబడిన చాప్లిన్ వేస్తానని చెప్పాను. మాటలు నేనే రాసుకుంటున్నాను, సగం తెలుగు, సగం సవర.