మా ఊరికి టీవీ పంపిన సారాభాయ్ గారు

ఈ ప్రత్యేక సంచిక కోసం తలా ఒక మహనీయుని జీవితం రాయాలని మన కార్యవర్గం కోరినప్పుడు నేను డాక్టర్ విక్రమ్ సారాభాయ్ గారి పేరు ఇచ్చాను. నేను సైన్సు మాస్టరును కాను. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉద్యోగం మొదలుపెట్టి 58 ఏళ్లకు ఇంటికి వచ్చినవాణ్ణి. అయినా ఆయన తలపెట్టిన ఒక పెద్ద పనికి సంబంధించిన తాళంచెవి ఏడాదిపాటు నా జేబులో ఉండేది. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

సారాభాయ్ గారు 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో జన్మించారు. తండ్రి అంబాలాల్ పెద్ద మిల్లు యజమాని, తల్లి సరళాదేవి. ఆ ఇంటి సంగతి ఒకటి మన సంఘం వారికి నచ్చుతుంది. 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికులు సమ్మె చేస్తే, గాంధీజీతో కలిసి కార్మికుల పక్షాన నిలబడింది అంబాలాల్ గారి సొంత అక్క అనసూయాబెన్. యజమానుల పక్షాన ఉన్నది తమ్ముడు. రెండు పక్షాలూ ఒకే కుటుంబంలో ఉన్నాయి. అటువంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి డబ్బుతో పాటు ఎదుటివాడి కష్టం కూడా తెలిసి ఉంటుందని నా ఊహ.

కేంబ్రిడ్జిలో చదువుతుండగా రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. తిరిగివచ్చి బెంగళూరులో సి.వి. రామన్ గారి వద్ద కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేశారు. 1942లో నర్తకి మృణాళిని గారిని వివాహమాడారు. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లి 1947లో డాక్టరేటుతో వచ్చి, ఆ ఏడాది నవంబరులోనే అహ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయం నెలకొల్పారు. అప్పటికి ఆయన వయసు 28. ఆ తరువాత ఆయన పెట్టిన సంస్థలన్నీ రాస్తే ఈ పేజీ చాలదు. మన పిల్లలు సీటు కోసం తపించే అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. స్థాపన వెనుక కూడా ఆయన ఉన్నారని చెప్పి ముందుకు పోతాను.

కేరళలో తుంబా అనే బెస్తవారి పల్లెకు దగ్గరగా భూ అయస్కాంత మధ్యరేఖ పోతుంది. పై వాతావరణాన్ని పరిశీలించడానికి అది అనువైన చోటు. అక్కడి చర్చి భవనాన్ని, భూమిని బిషప్ గారు, ఊరివారు ఇచ్చారు. చర్చి ఆఫీసు అయింది. రాకెట్టు భాగాలను సైకిలు మీద మోసుకువెళ్లిన ఫోటో మీరు చూసే ఉంటారు. 1963 నవంబరు 21న అమెరికా నుంచి తెచ్చిన చిన్న రాకెట్టు అక్కడి నుంచి ఎగిరింది. తిండికి కరువున్న దేశానికి రాకెట్లు ఎందుకని చాలామంది ఎత్తిపొడిచారు. చంద్రుడి మీదికి పోవడంలో ధనిక దేశాలతో పోటీ తనకు అక్కరలేదని, మన సమస్యలకు పనికివచ్చే విద్యే కావాలని ఆయన వాదం.

ఆ వాదంలో ముఖ్యమైనది టెలివిజన్. టవరు నుంచి వచ్చే టీవీ తరంగాలు కొన్ని పదుల కిలోమీటర్లు మాత్రమే పోతాయి. అంటే టవరు ముందు పట్నంలో లేస్తుంది, పల్లెకు ఎప్పటికో వస్తుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం ఉంటే అది ఒకే చోట నిలిచినట్టుంటుంది. దానికి ఢిల్లీ అయినా మారుమూల గూడెం అయినా ఒకటే దూరం. దేశమంతా టవర్లు కట్టడం కన్నా ఇదే చవక అని ఆయన బృందం లెక్కలు వేసింది. చవక సంగతి అటుంచితే, ముందు పల్లెకు అన్నదే నాకు ఆయనలో కనిపించే గొప్పతనం. మన సర్వీసులో ఏ పథకమైనా జిల్లా కేంద్రంలో మొదలై మండలం దాకా వచ్చేసరికి నిధులు అయిపోవడం మనకు తెలియనిది కాదు.

1966లో భాభా గారు విమాన ప్రమాదంలో పోయాక అణుశక్తి సంఘం బాధ్యత కూడా ఈయన మీదే పడింది. 1969లో ఇస్రో ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా వారి ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం వాడుకోవడానికి ఒప్పందం కుదిరింది. 1971 అక్టోబరు 9న మన శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు లేచింది. డిసెంబరు 30న తిరువనంతపురం దగ్గర కోవళంలో, నిద్రలోనే సారాభాయ్ గారు కన్నుమూశారు. వయసు 52. రెండు మహా సంస్థల భారం ఒక మనిషి మీద పెట్టడం పొరపాటని నా అభిప్రాయం.

ఆయన పోయిన మూడున్నర ఏళ్లకు, 1975 ఆగస్టు 1న ఆ ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వంటి జిల్లాలకు అవకాశం వచ్చింది. పాలమూరు జిల్లాలో నేను పనిచేసే పల్లె అందులో ఒకటి. హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్. వారు తయారుచేసిన టీవీ పెట్టె వచ్చింది. బడి కప్పు మీద పది అడుగుల వెడల్పున, కోళ్ల గూటికి కట్టే జాలీలాంటి తీగతో చేసిన గొడుగు బిగించారు. పెట్టె తాళంచెవి నాకు అప్పగించారు.

పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. మొదటి వారం బడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. గోనెపట్టాలు తెచ్చుకుని ముందు పిల్లలు, ఒక పక్క ఆడవాళ్లు కూర్చునేవారు. ఒక ముసలాయన రోజూ తలపాగా సర్దుకుని వచ్చేవాడు. అందులోని మనుషులకు మనం కనిపిస్తామా సారూ అని నన్ను అడిగాడు. కనిపించరని చెప్పాక కూడా తలపాగా సర్దుకోవడం మానలేదు.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, రెండు మూడు నెలలకు జనం పలచబడ్డారు. టీవీలో చెప్పిన విత్తనం కోసం ఇద్దరు రైతులు తాలూకా కేంద్రానికి పోయి, అక్కడ దొరక్క వట్టిచేతులతో వచ్చి నన్ను నిలదీశారు. నా దగ్గర జవాబు లేదు. ఆకాశంలో నుంచి మాట వచ్చినా బస్తా మాత్రం ఎడ్లబండి మీదే రావాలి కదా. కానీ పిల్లలు చివరిదాకా తగ్గలేదు. వరుసగా బడి ఎగ్గొట్టే పిల్లలు కూడా ఆ వేళకు వచ్చేవారు. సైన్సు తెలియని నేను వాళ్లతో పాటు కింద కూర్చుని నేర్చుకున్నాను.

1976 జూలై 31తో గడువు తీరింది. అమెరికా వారు ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నారు. మర్నాడు సాయంత్రం కూడా పిల్లలు వచ్చారు. వాళ్ల తృప్తి కోసం పెట్టె తెరిచి చూపించాను, తెర మీద చుక్కలు తప్ప ఏమీ లేవు. అంతా అయిపోయిందని వాళ్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మన సొంత ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా ప్రసారాలు 1980లలో వచ్చాయి.

ఆ ఏడాదంతా ఇది ఎవరి తలపో నాకు తెలియదు. చాలాకాలం తరువాత ఒక పత్రికలో సారాభాయ్ గారి జీవితం చదివి, అప్పుడు గుర్తుపట్టాను. పెట్టెను జీపులో తీసుకుపోయినవారు తాళంచెవి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇప్పటికీ మా ఇంట్లో పెన్షను కాగితాల సంచిలో ఉంది. మా మనవడు ఫోనులో క్రికెట్టు చూస్తూ, ఇది దేని తాళం తాతయ్యా అని అడిగాడు.