రెండు మైళ్ల బొమ్మ

పెద్ద సంస్థల అండ లేకుండా తీసిన సినిమాను జనం దగ్గరికి చేర్చడం ఇవాళ పుట్టిన తంటా కాదు. మన దేశంలో అది దాదాసాహెబ్ ఫాల్కేతోనే మొదలైంది. అవార్డు పుణ్యమా అని ఆయన పేరు పిల్లలందరికీ తెలుసు. తరగతిలో మేము మాత్రం ఆయన సినిమా తీసిన తీరు కంటే అమ్మిన తీరు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టారు. బొంబాయిలో చిత్రలేఖనం, బరోడాలో ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టుకుంటే ప్లేగు భార్యనూ బిడ్డనూ తీసుకుపోయింది. తర్వాత అచ్చుపనిలో దిగారు, భాగస్వాములతో పొసగక అదీ వదిలారు. బొంబాయిలో క్రీస్తు జీవితంపై వచ్చిన సినిమా చూశాక రాముణ్ణీ కృష్ణుణ్ణీ అలాగే తెరమీద చూపాలన్న పట్టుదల పుట్టింది. బీమా పాలసీల మీద అప్పు తెచ్చి, 1912లో లండన్ వెళ్లి కెమెరా కొన్నారు.

సినిమా తీస్తానంటే డబ్బిచ్చేవాళ్లు నమ్మలేదు. అప్పుడాయన కుండీలో బఠానీ గింజ మొలకెత్తి మొక్కవడాన్ని చిత్రించి వాళ్లకు చూపించారు. మా దృష్టిలో ఆయన చేసిన మొదటి ప్రచారం అదే. మిగతా లోటును రెండో భార్య సరస్వతీబాయి నగలు పూడ్చాయి. పగలు బృందానికంతటికీ వంట చేసి, ఫిల్ము పనిలోనూ చెయ్యి కలిపిన ఇల్లాలామె.

అలా తయారైన 'రాజా హరిశ్చంద్ర'ను 1913 ఏప్రిల్ 21న ఒలింపియా థియేటర్లో ముందుగా ఊరి పెద్దలకూ పత్రికలవాళ్లకూ చూపించారు. మే 3న కారొనేషన్‌లో విడుదల చేశారు. బొంబాయిలో బాగానే ఆడింది. సూరత్‌లో మొదటిరోజు వసూలు మూడు రూపాయలేనంటారు. కారణం ఉంది. రెండణాలిస్తే అక్కడ ఆరుగంటల నాటకం చూడొచ్చు. ఈయన బొమ్మ చూస్తే మూడణాలు, గంటన్నరలో ముగింపు! రాత్రంతా వీధినాటకం చూసిన మన పెద్దలైనా అదే బేరం ఆడేవారు. ఫాల్కే టికెట్ ధర తగ్గించలేదు. యాభై ఏడు వేల ఫొటోలు, రెండు మైళ్ల పొడవు బొమ్మ, అంతా మూడణాలకే అని ప్రకటన వేయించారు. జనం వచ్చారు, వసూళ్లు వందల్లోకి వెళ్లాయి.

పిల్లలూ, ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. చిత్రం నిడివి సుమారు 3,700 అడుగులు. అడుగుకు 16 ఫొటోలు. అంటే ఫొటోల సంఖ్య దాదాపు నిజమే. మైలుకు 5,280 అడుగులు కనుక రెండు మైళ్లు మాత్రం నిజం కాదు, ముప్పాతిక మైలైనా లేదు. ప్రకటనల్లో ఈ అలవాటు అప్పటినుంచే ఉందన్నమాట.

అయితే ప్రకటన ఒక్కటే పనిచేసిందని మేము అనం. 1917 నాటి 'లంకా దహన్'లో సాలుంకే అనే నటుడే రాముడు, సీత కూడా. దానికి నోటిమాటే ప్రచారమైంది. మద్రాసులో వసూలైన నాణేలను ఎద్దుబండి మీద పోలీసు కాపలాతో తరలించారని చెప్పుకుంటారు.

1918లో బొంబాయి వ్యాపారులతో కలిసి హిందుస్థాన్ ఫిల్మ్స్ పెట్టారు. డబ్బు కష్టం తీరింది, మాట చెల్లుబాటు పోయింది. అలిగి కాశీకి వెళ్లి, మళ్లీ తిరిగొచ్చారు. ఇంతలో సినిమాకు మాటలొచ్చాయి. 1937లో 'గంగావతరణ్' ఆయన ఆఖరి చిత్రం. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూసేనాటికి సినిమా లోకం ఆయన్ను దాదాపు మరిచిపోయింది.