వెలుగును చదివిన సుబ్రత మిత్రా

చలనచిత్రమును చూచువారికి తెరమీది నటులు కనబడుదురు. ఆ నటులపై పడు వెలుగును గూర్చి తలచువారు అరుదు. ఏ దీపమును ఎచ్చట నిలుపవలెనో, ఏ నీడను మాపవలెనో ముందుగా యోచించువాడు ఛాయాగ్రాహకుడు. అట్టివారిలో సుబ్రత మిత్రా సుప్రసిద్ధుడు.

మిత్రా 1930 అక్టోబరు 12వ తేదీన కలకత్తాలో జన్మించెను. అతడు యువకుడుగా నున్నప్పుడు ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా 'ది రివర్' అను చిత్రమును తీయుటకై బెంగాలునకు వచ్చెను. మిత్రా అందు పని కోరెను, లభింపలేదు. అంతట తండ్రి అతనిని రెన్వా కడకు తోడ్కొని పోయి, చిత్రీకరణమును చూచుటకు అనుమతి సంపాదించెను. మిత్రా వట్టి ప్రేక్షకుడుగా నిలువలేదు. దీపముల స్థానములను, కెమేరా కదలికలను బొమ్మలు గీచి పుస్తకములో వ్రాసికొనెను. ఆ శ్రద్ధయే అతనికి విద్య యయ్యెను.

తరువాత సత్యజిత్ రాయ్ తన తొలి చిత్రమైన 'పథేర్ పాంచాలి'కి మిత్రాను ఛాయాగ్రాహకునిగా నియమించెను. అప్పటికి అతని వయస్సు 21 ఏండ్లు. అంతకుముందు అతడు సినిమా కెమేరాను నడిపి యెరుగడు. 1955లో విడుదలైన ఆ చిత్రము దేశదేశముల మన్నన పొందెను.

మరుసటి యేడు వచ్చిన 'అపరాజితో'లో అసలైన పరీక్ష యెదురయ్యెను. కథలోని కాశీ యింటికి నడుమ ముంగిలి, చుట్టును గదులు. వెలుగు పైనున్న ఆకాశమునుండి మాత్రమే మెత్తగా దిగును. దానికి స్పష్టమైన నీడ యుండదు. వానల భయమువలన ఆ యింటిని కలకత్తాలోని స్టూడియోలో నిర్మింప నిశ్చయించిరి. స్టూడియో దీపములు పలు నీడలను పరచుననియు, ఇల్లు కృత్రిమముగా కనబడుననియు మిత్రా వాదించెను. అతని మాట చెల్లలేదు.

అయినను అతడు అలిగి కూర్చుండలేదు. ముంగిలిపై ఆకాశమువలె తెల్లని గుడ్డను బిగించి కట్టించెను. దీపములను నటులపైకి గాక, క్రిందనుండి ఆ గుడ్డపైకి త్రిప్పించెను. గుడ్డపై పడి మరలిన కాంతి మెత్తనై, ముంగిలి యంతట సమముగా వ్యాపించెను. తెరపై చూచినవారికి అది నిజమైన కాశీ యిల్లే యని తోచెను. ఆ పద్ధతినే బౌన్స్ లైటింగ్ అందురు.

పిమ్మట 'చారులత' మొదలగు చిత్రములకు అతడు పనిచేసెను. 'న్యూఢిల్లీ టైమ్స్' చిత్రమునకు జాతీయ బహుమానము నందెను. కడపటి దినములలో కలకత్తాలోని సత్యజిత్ రాయ్ చలనచిత్ర విద్యాసంస్థలో విద్యార్థులకు బోధించెను. 2001 డిసెంబరు 7న మరణించెను.

వాదములో ఓడినవాడు పనిలో గెలువవచ్చునని ఆ తెల్లని గుడ్డ చాటుచున్నది.