మోగల్లు నుంచి ఈసీఐఎల్ దాకా: ఎ.ఎస్.రావు



హైదరాబాద్‌లోని ఎ.ఎస్.రావు నగర్ పేరు మీరు వినే ఉంటారు. ఆ పేరు మన గోదావరి జిల్లాల మనిషిదని మీ పిల్లలకు తెలుసా? ఆయన అయ్యగారి సాంబశివరావు. 1914లో భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టారు.

బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి వచ్చాక, హోమీ భాభా బృందంలో చేరారు. అప్పట్లో ఎలక్ట్రానిక్ పరికరం ఏది కావాలన్నా విదేశాల నుంచి తెప్పించుకోవడమే అలవాటు. రావుగారు మాత్రం మన చేతులతో తయారుచేసే దారి పట్టారు. 1956 ఆగస్టు 4న మన తొలి అణు రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. దాని ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. కంట్రోల్ వ్యవస్థను మాత్రం ఆయన నాయకత్వంలో ఇక్కడే తయారుచేశారు.

1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆయన సారథ్యంలో మొదలైంది. అక్కడ టీడీసీ-12 కంప్యూటర్ తయారైంది. ఈసీ టీవీలు కూడా ఆ సంస్థవే. 1972లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2003లో కన్నుమూశారు.

అదే 1972లో అమెరికాలో పాంగ్ అనే వీడియో గేమ్ వచ్చింది: తెర మీద రెండు బ్యాట్లు, ఒక చుక్క బంతి. ఈ రోజు అలాంటి ఆటను హైస్కూలు పిల్లలు ఇంట్లోనే తయారుచేయవచ్చు. ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, 1 కిలో ఓమ్, 470 ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, నాలుగు బటన్లు, ఒక ఏవీ వైరు చాలు. ఒక రెసిస్టర్ గుండా వెళ్లే సంకేతం గీత ఎక్కడ మొదలవ్వాలో టీవీకి చెబుతుంది. రెండోది ఎక్కడ తెలుపో, ఎక్కడ నలుపో చెబుతుంది. రెండూ కలిసి టీవీ వెనక పసుపు సాకెట్‌లోకి వెళ్తాయి. ఒక జాగ్రత్త: పాత టీవీ వెనక మూత మాత్రం తీయనివ్వకండి. స్విచ్ ఆపినా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది.

మొదటిరోజే బొమ్మ రాకపోవచ్చు. బంతి బ్యాట్‌లోంచి దూసుకుపోవచ్చు. అప్పుడు రెడీమేడ్ గేమ్ కొనిచ్చి, పుస్తకం తీయమనడం మనకు తేలిక. పరీక్షల భయం మనకూ ఉంటుంది కదా! కానీ తప్పు ఎక్కడుందో వెతికే ఆ రెండు సాయంత్రాలు కూడా ఫిజిక్స్ పాఠమే. ఆదివారం పక్కన కూర్చుని, ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో మీ అబ్బాయినో అమ్మాయినో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నంలో, చాలాసార్లు తప్పు వాళ్లకే కనబడుతుంది.