ఈమ్ గ్రామ సంఘకాపరి విలియము మొంపెస్సను

అంటురోగము ఒక యూరిలో ప్రవేశించినప్పుడు అచ్చటివారు ఇద్దరు శత్రువులతో పోరాడవలసియుండును. మొదటిది రోగము, రెండవది తమ మనస్సే. ఆరోగ్యనియమము మంచిదని యెఱుగనివాడు అరుదు. అయినను, తనకొక్కనికి మాత్రము దానినుండి విడుదల కావలెనని కోరనివాడు అంతకంటె నరుదు. 2020వ సంవత్సరమున కరోనా ప్రబలినప్పుడు, ఇల్లు కదలవద్దని పిల్లలకు బోధించిన మేమే, దగ్గఱి బంధువుల పెండ్లి యనగానే, ఒక్కదినమున కేమగునని బయలుదేఱితిమి. ఆ సంగతి తలంచుకొని సిగ్గుపడుచు ఈ మహనీయుని చరిత్రను వ్రాయబూనితిమి.

విలియము మొంపెస్సను 1639 ప్రాంతమున ఇంగ్లండు దేశమున జన్మించెను. కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌసు కళాశాలలో విద్య నేర్చి, 1664లో డెర్బీషైరు కొండలనడుమ నున్న ఈమ్ అను గ్రామమునకు సంఘకాపరిగా వచ్చెను. ఆయన భార్య కేథరీను. వారికి ఇద్దరు పసిబిడ్డలు. గ్రామస్థులు ఈ యువకుని అంతగా ఆదరింపలేదు. అంతకుముందు అచ్చట బోధించిన టామస్ స్టాన్లీ యను వృద్ధుడు, రాజ్యము విధించిన క్రొత్త యారాధనాక్రమమునకు సమ్మతింపక 1662లో తన స్థానమును గోల్పోయియుండెను. అనేకుల హృదయములు ఆయనవైపే యుండెను. ఇట్లు రెండు పక్షములుగానున్న యూరిమీద ఆపద వచ్చి పడెను.

1665లో లండను నగరమున ప్లేగు విజృంభించెను. ఆ వేసవి చివర లండనునుండి ఒక బట్టల మూట ఈమ్ గ్రామపు దర్జీ యింటికి వచ్చెను. తడిసియున్న బట్టలను ఆ యింటి పనివాడు జార్జి వికర్సు విప్పి నిప్పుసెగకు ఆఱబెట్టెనని చెప్పుదురు. సెప్టెంబరు 7వ తేదీన అతడు మరణించెను. పిదప ఇరుగుపొరుగు ఇండ్లకు రోగము ప్రాకెను. చలికాలమున తగ్గినట్లు కనబడి, 1666 వేసవిలో మరల చెలరేగెను.

ఆ కాలమున లండనులో అమలైన విధానము కఠినమైనది. రోగి యున్న యింటి తలుపుమీద ఎఱ్ఱని సిలువ గుఱుతు వేసి, అందున్న ఆరోగ్యవంతులతోగూడ తాళము వేసి, కావలివానిని నిలిపెడివారు. ఫలితమేమి? జనులు రోగమును దాచిరి, కావలివారికి లంచమిచ్చిరి, గోడలు దూకి పాఱిపోయిరి. రాజును ధనవంతులును ముందే నగరము విడిచియుండగా, బీదలు నియమమును శిక్షగా నెంచుట వింతకాదు.

ఈమ్ గ్రామమునందును కలిగినవారు కొందఱు వెడలిపోయిరి. ఇతరులును పయనము కాదలచిరి. వారు చెదరినచో చుట్టుపట్ల గ్రామములన్నిటికి మృత్యువు వ్యాపించును. మొంపెస్సను అప్పుడు చేసిన మొదటి పని జనులను గద్దించుట కాదు. తన స్థానమునకు పోటీదారనదగిన స్టాన్లీయొద్దకు పోవుట. 1666 జూనునెలలో వారిద్దఱును ఏకమై గ్రామస్థుల యెదుట మూడు నియమములను ఉంచిరి. ఎవరి మృతులను వారే తమ తోటలలోనో పొలములలోనో త్వరగా పాతిపెట్టుకొనవలెను. దేవాలయమును మూసి, కక్లెట్ డెల్ఫ్ అను పల్లపు బయలులో కుటుంబములు దూరదూరముగా నిలిచి ఆరాధింపవలెను. ఊరి యెల్ల దాటి ఎవరును పోరాదు.

పిదప ఆహారమెట్లు? చాట్స్‌వర్తులో నివసించు డెవన్‌షైరు ప్రభువు సరకులు పంపుటకు ఒప్పుకొనెను. పొరుగువారు ఎల్లరాతియొద్ద రొట్టెలుంచి పోయెడివారు. గ్రామస్థులు రాతి గుంటలలో చిరక పోసి, దానియందు నాణెములు వేసెడివారు. ఊరికి ఉత్తరమున నున్న యొక బావియొద్దను ఇట్లే జరిగెను. అది నేటికిని మొంపెస్సను బావి యనబడుచున్నది.

ఆ యాగస్టు అన్నిటికంటె ఘోరమైన మాసము. హాన్‌కాక్ కుటుంబపు తల్లి ఎనిమిది దినములలో భర్తను ఆఱుగురు బిడ్డలను తన చేతులతోనే పాతిపెట్టెను. మొంపెస్సను, ఎల్ల మూయబడకమునుపే, తన బిడ్డలను యార్క్‌షైరుకు పంపివేసియుండెను. తండ్రి ప్రేమలో ఆయనయు మనవంటి మనుష్యుడే. భార్యనుగూడ పొమ్మని వేడుకొనెను గాని, ఆమె భర్తను విడువక రోగులను దర్శించుచు, ఆగస్టు 25వ తేదీన తానును మరణించెను. తాను బ్రతుకుదునను ఆశ విడిచి ఆయన బిడ్డలకు ఉత్తరము వ్రాసెను. అయినను ఎల్ల దాటలేదు.

నవంబరు మొదట రోగము శమించెను. పదునాలుగు మాసములలో మరణించినవారు 260 మంది యని పరంపరగా లెక్కింపబడుచున్నది. పొరుగు గ్రామములకు రోగము పాకలేదు. ప్లేగు బీజమును యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు హాంకాంగులో 1894లో గాని కనుగొనలేదు. ఎలుకల యొడలనుండు చిన్న పురుగులవలన అది వ్యాపించునని అటుపిమ్మట తెలిసెను. కావున ఊరిలో నిలిచినందున కొందఱు, దూరముగా పోయినచో బ్రతికియుండదగినవారు, మరణించిరేమో యని నేటివారు కొందఱు తలంతురు. ఈ కథకు తరువాతివారు మెఱుగులు దిద్దిరనియు చరిత్రకారులు చెప్పుదురు. ఆ మెఱుగులను తీసివేసినను, దేవాలయపు పుస్తకములోని మృతుల పేళ్లు నిలిచియున్నవి.

లండనులో తాళము చేయజాలనిది ఈమ్ గ్రామమున మాట యేల చేయగలిగెను? ఆలోచింపగా అయిదు కారణములు తోచుచున్నవి. నియమము విధించినవాడు తానే మొదట దానికి లోబడెను. విరోధులని పేరుపడినవారు ఒకే మాట చెప్పినందున, ఇది ఒక పక్షమువారి పన్నాగమని యెవరును అనజాలకపోయిరి. నియమములు కొద్దివి, స్పష్టమైనవి. వాటిని పాటించువారు ఆకలిచే చావకుండ ఏర్పాటు ముందుగానే జరిగెను. అన్నిటికంటె ముఖ్యముగా, తమ కష్టమువలన మేలు పొందువారెవరో వారికి తెలియును. కొండ యావలి పొరుగువారు, ముఖపరిచయము గలవారు, దినదినము రొట్టెలు తెచ్చి యుంచువారు! భయము ఒక రాత్రి కాపలా కాయును. ఇట్టి యెఱుక యేండ్లకొలది కాయగలదు.

కొంతకాలమునకు మొంపెస్సను నాటింగ్‌హాముషైరులోని ఈక్రింగు గ్రామమునకు మార్చబడెను. అచ్చటివారు ఆయన ప్లేగు ఊరినుండి వచ్చెనని వెఱచి, ఊరిలో అడుగిడనీయలేదు. రఫర్డు వనములో ఒక గుడిసెలో ఆయన కొంతకాలము నివసింపవలసి వచ్చెనని చెప్పుదురు. ఇతరులను రక్షించుటకై యెల్ల గీచుకొనినవానిని, ప్రమాదము గడచిన పిదపకూడ, ఇతరులు ఎల్ల యావల నుంచిరి. ఆ భయమును ఆయన ఓర్పుతో జయించి, అచ్చటనే సేవచేసి, 1709లో కన్నుమూసెను. ఈమ్ గ్రామస్థులు నేటికిని ఆగస్టు కడపటి ఆదివారమున ఆ పల్లపు బయలులో కూడి మృతులను స్మరింతురు.

విద్యార్థులారా, పెద్ద యాపదలు దినదినము రావు. అవి వచ్చునప్పుడు పాటింపవలసిన నియమమునకు అభ్యాసము మాత్రము దినదినము చేయవచ్చును. అంటురోగము సోకిన పిల్లవాడు ఇంటనే యుండుట, దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుట, ఎవరును చూడనప్పుడుకూడ చేతులు కడుగుకొనుట స్వల్పకార్యములే. తల్లిదండ్రులారా, బిడ్డ రోగమును దాచి పాఠశాలకు పంపకుడు. రోగము నయమై తిరిగి వచ్చిన బిడ్డను వెలివేయకుడు. ఉపాధ్యాయులమగు మేమును, పిల్లలకు ఏ నియమము చెప్పుదుమో దానిని మా యింటి గడపయొద్ద మొదట నిలుపుకొందుము. పెండ్లి పిలుపు వచ్చిన దినమునగూడ!