ఎర్ర చుక్క గుట్టు విప్పిన హైదరాబాదీ

మైపాడు బీచ్‌లో జనవరి రాత్రి కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, సముద్రం వైపు ఆకాశాన్ని ఫొటో తీశారనుకోండి. వందల తెల్ల చుక్కల మధ్య నాలుగైదు ఎర్రగా కనిపిస్తాయి. అవి నిజంగా ఎర్ర నక్షత్రాలేనా? అయితే ఎంత పెద్దవి? ఎంత దూరంలో ఉన్నాయి? మొదటి ప్రశ్నకు జవాబు మీరే కనుక్కోవచ్చు. మిగతా రెండింటికీ దారి చూపిన ఇద్దరిలో ఒకరు హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబానిది కేరళ. తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో ఉద్యోగి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ చొరవతో మొదలైన వేధశాల అది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీసిన భారీ కార్యక్రమంలో హైదరాబాద్‌కూ ఒక వాటా దక్కింది. అప్పట్లో ఫొటో అంటే గాజు పలక. దాని మీద పడ్డ ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి రాయాలి. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి! ఆ వాతావరణంలో పెరిగిన బప్పు నిజాం కాలేజీలో చదువుతూనే, వెలుగు పెరిగీ తగ్గే నక్షత్రాలను గమనించి పరిశోధన వ్యాసాలు రాశారు. అప్పటికి ఆయనా మీలాగే ఔత్సాహికుడే.

హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. 1949 జులైలో ఓ రాత్రి తీసిన పలకను పరిశీలిస్తుంటే, చుక్కల మధ్య ఒకటి తేడాగా, తోకచుక్కలా కనిపించింది. పలక మీద మరకలనుకుని పక్కన పెట్టేసేవాళ్లూ ఉంటారు. ఆయన వదల్లేదు. ప్రొఫెసర్ బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్‌తో కలిసి అది కొత్త తోకచుక్కేనని తేల్చారు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. ఆయనకు డోనహో పతకం వచ్చింది.

ఇప్పుడు మీ ఫొటో చూద్దాం. సముద్రం మీంచి అప్పుడే లేచిన ఏ నక్షత్రమైనా ఎర్రగానే ఉంటుంది, ఉదయించే సూర్యుడిలాగే. కాబట్టి బాగా పైకొచ్చేదాకా ఆగండి. ఒక్క పిక్సెలే ఎర్రగా మెరిసిందా? కెమెరాను కాస్త కదిపి ఇంకో ఫొటో తీయండి. మిగతా చుక్కలన్నీ జరిగినా అది ఫ్రేమ్‌లో అక్కడే ఉంటే నక్షత్రం కాదు, సెన్సర్ లోపం. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఎర్ర నక్షత్రం నడిమి భాగం కూడా తెల్లబోతుంది. దాన్ని తగ్గించి, ఫోకస్ కొద్దిగా తప్పిస్తే రంగు విచ్చుకుంటుంది. వైట్ బ్యాలెన్స్ ‘డేలైట్’లో పెట్టి, ఫైల్ ‘రా’లో దాచుకోండి. ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్‌లో ఫొటో పెడితే అది ఆకాశంలో ఏ భాగమో చెబుతుంది. ఆ తర్వాత కేటలాగ్‌లో నక్షత్రం ‘బి-వి’ అంకె చూడండి. నీలి తెలుపు రైజెల్‌కు అది సున్నా దగ్గర. రోహిణికి 1.5, ఆర్ద్రకు 1.85 చుట్టుపక్కల. అంకె పెరిగేకొద్దీ ఎరుపు ఎక్కువన్నమాట.

రంగు తేలింది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆర్ద్రను తెచ్చి సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్యను దాటి ఉబ్బి ఉంటుంది. బర్నార్డ్ నక్షత్రమో, సూర్యుడిలో అయిదో వంతు వెడల్పున్న మరుగుజ్జు. మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా మామూలు కంటికి కనబడదు. రెండూ ఎరుపే. ఉపరితల వేడి కూడా దాదాపు ఒకటే, 3,500 కెల్విన్‌కు కాస్త అటూఇటూ. మరి ఏది దగ్గర్లోని దీపమో, ఏది దూరాన మండే కార్చిచ్చో రంగును బట్టి ఎలా చెప్పడం?

1952లో పీహెచ్‌డీ ముగించిన బప్పు, కార్నెగీ ఫెలోషిప్‌తో కాలిఫోర్నియా వెళ్లారు. అక్కడి పాలోమార్ కొండ మీద 200 అంగుళాల టెలిస్కోప్ ఉంది. అప్పట్లో ప్రపంచంలో అదే పెద్దది. ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి 185 నక్షత్రాల వర్ణపటాలు పరిశీలించారు. అన్నీ పసుపు నుంచి ఎరుపు దాకా ఉన్నవే. వాటి ఊదా భాగంలో కాల్షియం వల్ల ఏర్పడే నల్లటి గీత ఉంటుంది. దాని మధ్యలో సన్నటి వెలుగు గీత. నక్షత్రం అసలు కాంతి ఎంత ఎక్కువైతే ఆ వెలుగు గీత అంత వెడల్పు! 1957లో అచ్చయిన ఆ ఫలితమే విల్సన్-బప్పు ఎఫెక్ట్. గీతను కొలిస్తే నిజమైన కాంతి తెలుస్తుంది. అది తెలిస్తే, మనకెంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం లెక్కేయొచ్చు. కొత్త టెలిస్కోప్ కూడా అక్కర్లేదు.

అలాంటి ఫలితం చేతిలో ఉన్నవాడు అమెరికాలోనే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టరు. బప్పు వెనక్కొచ్చేశారు. 1954లో ఉత్తరప్రదేశ్ వేధశాలలో చేరి, దాన్ని వారణాసి నుంచి నైనిటాల్ కొండలకు తీసుకెళ్లారు. 1960లో, 33 ఏళ్లకే కొడైకెనాల్ వేధశాల డైరెక్టర్ అయ్యారు. సూర్యుణ్ని చూడ్డానికి అది బాగానే ఉంది గానీ రాత్రి పనికి ఇంకో చోటు కావాలనిపించింది. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కు రూపమిచ్చిందీ ఆయనే. ఫిజిక్స్‌లో పీజీ చేసి జెస్ట్, నెట్, గేట్ లాంటివి రాస్తున్నవారికి బెంగళూరులోని ఈ సంస్థ పేరు పరిచయమే.

ఆయన మనసంతా ఒక పెద్ద టెలిస్కోప్ మీద ఉండేది. 2.34 మీటర్ల అద్దాన్ని విదేశాల్లో కొనకుండా ఇక్కడే అరగదీయించి, నునుపు చేయించాలని పట్టుబట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. పదవిలో ఉండగానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి 55 ఏళ్లు. టెలిస్కోప్ ఇంకా పూర్తికాలేదు. 1986 జనవరి 6న దానికి ఆయన పేరే పెట్టారు.