కణంలో ఈ ‘గాల్జీ’ ఎవరు?

మీ పిల్లల సైన్సు పుస్తకంలో కణం బొమ్మ చూశారా? చుట్టూ కణత్వచం, మధ్యలో కేంద్రకం, అక్కడక్కడా మైటోకాండ్రియా. కేంద్రకానికి దగ్గర్లో చపాతీలు దొంతర పెట్టినట్టు ఒకటుంటుంది. అదే గాల్జీ సంక్లిష్టం. ఈ వరసలో మనిషి పేరున్నది ఇదొక్కటే.

కమిల్లో గాల్జీ 1843లో ఉత్తర ఇటలీలోని కోర్టెనో అనే కొండపల్లెలో పుట్టారు. నాన్న కూడా డాక్టరే. పావియాలో వైద్యం చదివి మెదడు పరిశోధనలో పడ్డారు. పరిశోధన కడుపు నింపదు కదా! డబ్బు ఇబ్బందుల వల్ల 1872లో అబ్బియాతెగ్రాస్సో అనే చిన్న ఊరికి వెళ్లి, నయంకాని జబ్బులవాళ్లను ఉంచే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. అక్కడ ల్యాబ్ లేదు. వంటగదిలోనే మైక్రోస్కోపు పెట్టుకుని, కొవ్వొత్తి వెలుగులో పనిచేశారు.

మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో గట్టిపరచి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచారు. కొద్ది కణాలు మాత్రం కొమ్మలూ రెమ్మలతో సహా నల్లగా తేలాయి. కొన్నే నల్లబడటం మన అదృష్టం. అన్నీ నల్లబడితే ఏదీ విడిగా కనపడేది కాదు. ఈ పద్ధతిని ఆయన 1873లో ప్రకటించారు.

తర్వాత మలేరియా మీదికి మళ్లారు. రోజు విడిచి రోజు చలిజ్వరం ఎందుకొస్తుంది? ఎర్ర రక్తకణాలను పగలగొట్టుకుని పరాన్నజీవులు ఒక్కసారిగా బయటపడే వేళకే జ్వరం వస్తుందని ఆయన గమనించారు.

1898లో గుడ్లగూబ చిన్నమెదడు కణాల్లో వలలాంటి అల్లిక కనిపించింది. అక్కడే వచ్చింది చిక్కు. ‘అది కణంలో భాగం కాదు, రంగువేయడంలో ఏర్పడిన మరక’ అన్నవాళ్లు చాలామంది. ఆ అనుమానం గాల్జీ బతికుండగా తీరలేదు.

ఆయన ప్రతి మాటా నిజమైందనుకోకండి. నాడీకణాలన్నీ అతుక్కుని ఒకే వలగా ఉంటాయని చివరిదాకా పట్టుబట్టారు. స్పెయిన్‌కు చెందిన కహాల్ గాల్జీ పద్ధతినే వాడి అవి విడివిడి కణాలని చూపించారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, ఆ వేదిక మీదా గాల్జీ కహాల్ వాదాన్ని కాదన్నారు!

మరి ఆ దొంతర చేసే పనేమిటి? కణంలో తయారైన ప్రొటీన్లకు తుదిమెరుగులు దిద్ది, చిన్న సంచుల్లో నింపి పంపుతుంది. క్లోమంలోని ఇన్సులిన్ కూడా అలా సంచిలోకెక్కే సరుకే. సంచి పొరా, కణత్వచమూ రెండూ కొవ్వు పొరలే కాబట్టి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లోపలి ఇన్సులిన్ బయటికొచ్చి రక్తంలో చేరుతుంది. కణత్వచంలో కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉంటాయని హాలెండ్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాలతో లెక్కగట్టింది 1925లో.

ఆ మరుసటి ఏడాది జనవరిలో గాల్జీ పావియాలో కన్నుమూశారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ దొంతర స్పష్టంగా కనిపించాక, అది మరకేనన్న వాదన ఆగిపోయింది.